గోరంత గ్రీజు... కొండంత పని

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే ఊరంతా వినపడేది. బండి తోలేవాడు సిగ్గుపడైనా సరే దిగి కందెన రాసేవాడు. కారుతో వచ్చిన చిక్కేంటంటే, అక్కడా సంగీతం ఉంటుంది గానీ దాని చుట్టూ లోహపు డబ్బా, ఆ పైన కార్పెట్, ఆ పైన స్టీరియో. మన చెవిదాకా వచ్చేసరికి లోపల జరగాల్సిన నష్టం జరిగిపోతూ ఉంటుంది.

ఈ వారం కబుర్లు ఆ దాక్కున్న సంగీతం గురించే. పాత స్పోర్ట్స్ కారులో క్లచ్ దగ్గర ఒకటి, ఫ్లైవీల్ నడిమధ్యలో ఒకటి... రెండు చిన్న బేరింగులు ఉంటాయి. వాటికి, వాటి చుట్టుపక్కలకి గ్రీజు ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి, ముఖ్యంగా ఎక్కడ పెట్టకూడదు అన్నదే విషయం. ‘మాకు స్పోర్ట్స్ కారు లేదు కదా’ అని స్క్రోల్ చేసేయకండి. మీ మారుతికీ మీ బైకుకీ పనికొచ్చే మాట చివర్లో ఉంది.

అక్క వరస కారు

బీటెక్‌లో మెకానికల్ చదివి, కీబోర్డు మీద బతుకుతున్నవాళ్లు మనలో ఎంతమందో! నేనూ ఆ బ్యాచే. డాలస్ శివార్లలో ఉద్యోగం. చదివిన చదువుకి కాస్త న్యాయం చేద్దామని నేనూ నా రూమ్మేటూ కలిసి ఒక పాత మాజ్డా ఎంఎక్స్-5 కొన్నాం. ఇక్కడివాళ్లు దాన్ని ‘మియాటా’ అని ముద్దుగా పిలుస్తారు. 1992 మోడల్. అంటే నాకంటే వయసులో పెద్దది, అక్క వరస.

ఈ కారుకో కథ ఉంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దీన్ని మొదట చూపించారు. రెండే సీట్లు, టాప్ తీసేయొచ్చు, ముందు ఇంజిను, వెనక చక్రాలకి పవర్. బరువు వెయ్యి కిలోల దగ్గర. 1.6 లీటర్ల చిన్న ఇంజినే అయినా బరువు లేదు కాబట్టి చకచకా కదులుతుంది. బ్రిటన్‌లో ఎంజీ, లోటస్ లాంటి కంపెనీలు ఒకప్పుడు చేసిన చిన్న రోడ్‌స్టర్ల సరదాని, రోజూ నమ్మకంగా స్టార్ట్ అయ్యే జపాన్ కారులో పెట్టారన్నమాట. అందుకే ముప్పై ఏళ్లు దాటినా ఇంకా రోడ్ల మీద కనిపిస్తున్నాయి.

మా అక్కకి మాత్రం ఒక రోగం ఉంది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి ఫస్ట్ గేర్‌లో ఆగితే అడుగున సన్నగా ఒక కూత. కాలు తీసి కదలగానే మాయం. రివర్స్ వేయబోతే ‘కర్‌ర్’మని పళ్లు నూరేది.

మూడు కూతలు, మూడు చిరునామాలు

ఆ కూత ఎక్కణ్నుంచి వస్తోందో తెలియాలంటే క్లచ్ ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం చూడాలి.

ఇంజిను వెనక బరువైన చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. అదే ఫ్లైవీల్. దానికి బోల్టులతో బిగించి ప్రెషర్ ప్లేటు. ఆ రెండింటి మధ్యలో శాండ్‌విచ్‌లో కూరలా క్లచ్ ప్లేటు. ఈ ప్లేటు నడుమ పళ్లున్న రంధ్రం ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ అందులో దూరుతుంది. ఆ పళ్లనే స్ప్లైన్లు అంటాం. పెడల్ వదిలేస్తే మూడూ ఒక్కటై తిరుగుతాయి. పెడల్ తొక్కితే ప్లేటు విడిపోతుంది, ఇంజిను తన మానాన తాను తిరుగుతుంది.

ఆ విడదీసే పని చేసేది రిలీజ్ బేరింగ్. పెడల్ తొక్కినప్పుడు ఒక ఫోర్కు దాన్ని ముందుకు తోస్తే, అది వెళ్లి తిరుగుతున్న ప్రెషర్ ప్లేటు వేళ్లని నొక్కుతుంది. రెండోది పైలట్ బేరింగ్. ఇన్‌పుట్ షాఫ్ట్ కొస గాలిలో ఊగిపోకుండా పట్టుకునే చిన్న ఉంగరం. ఈ మియాటాలో అది ఫ్లైవీల్ మధ్యలోనే బిగించి ఉంటుంది.

ఇక్కడో తమాషా ఉంది. కారు హైవే మీద దూసుకుపోతున్నప్పుడు పైలట్ బేరింగ్‌కి ఏ పనీ ఉండదు. ఫ్లైవీల్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి లోపలి గోళీలు కదలక్కర్లేదు. మీరు గేర్‌లో ఉంచి, క్లచ్ తొక్కి, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడే దానికి డ్యూటీ. షాఫ్ట్ ఆగిపోతుంది, ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది. ఈ కారు ఐడిలింగ్ నిమిషానికి 850 చుట్లు. తొంభై సెకన్ల సిగ్నల్ అంటే ఆ చిన్న బేరింగ్ 1,275 చుట్లు తిరిగినట్టు. కారు కదలకుండా!

అందుకే శబ్దంతోనే రోగం పట్టుకోవచ్చు. బండిని ఖాళీ స్థలంలో ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి వినండి.

న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీద కాలు తీసేసినప్పుడు గుర్రుమని, తొక్కగానే తగ్గితే... గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ బేరింగ్ మీద అనుమానం.

న్యూట్రల్‌లోనే ఉండి, పెడల్ మీద కాలు బరువు పడగానే శబ్దం మొదలైనా, మారినా... రిలీజ్ బేరింగ్.

పెడల్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేర్ వేశాక, అంటే షాఫ్ట్ పూర్తిగా ఆగాక కూత పెరిగితే... పైలట్ బేరింగ్.

మాది మూడో రకం. రివర్స్‌లో ఆ పళ్లు నూరడానికి కూడా కారణం అదే అయి ఉండొచ్చు. పైలట్ బేరింగ్ బిగుసుకుపోతే క్లచ్ తొక్కినా షాఫ్ట్ ఆగదు, ఫ్లైవీల్ దాన్ని లాక్కుంటూ తిప్పుతూనే ఉంటుంది. తిరుగుతున్న పళ్లలోకి ఆగి ఉన్న పళ్లని తోస్తే కర్రుమనక ఏం చేస్తాయి?

బేరింగ్ ధర కాదు, దారి ఖర్చు

ఆ పైలట్ బేరింగ్ ధర ఇక్కడ ఒక పిజ్జా ధర. దాన్ని మార్చడానికి వర్క్‌షాప్‌లో అడిగితే వెయ్యి డాలర్ల దాకా చెప్పారు. దోపిడీ అనిపిస్తుంది కదా? పని తెలిశాక అలా అనిపించదు.

కారుని నాలుగు స్టాండ్ల మీద ఎత్తాలి. గేర్ లివర్ విప్పాలి. వెనక చక్రాలకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ తీయాలి. గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ కలుపుతూ ఈ కారులో పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఒకటుంది, అదీ విప్పాలి. స్టార్టర్ మోటార్ తప్పించాలి. చెయ్యి దూరని చోట బోల్టులు. ఆ తర్వాత ముప్పై కిలోలు దాటిన గేర్‌బాక్స్‌ని జాకీ మీదకి దించాలి. అప్పుడు క్లచ్ కనపడుతుంది. క్లచ్ విప్పితే ఫ్లైవీల్. ఫ్లైవీల్ మధ్యలో మన పిజ్జా.

ఇదైనా నయం. పోర్షె 944లో ఇంజిను ముందు, గేర్‌బాక్స్ వెనక ఉంటాయి. మధ్యలో ఒక పొడవాటి గొట్టం, దాని లోపల ఇంజిను వేగంతోనే తిరిగే షాఫ్ట్. క్లచ్ ఏమో ముందు ఇంజిను దగ్గరే. దాన్ని చేరాలంటే సైలెన్సర్ గొట్టాలు విప్పి, వెనక గేర్‌బాక్స్ దించి, ఆ గొట్టాన్ని వెనక్కి జరపాలి. చిన్న భాగానికి పెద్ద యాత్ర.

కాబట్టి ఇలాంటి చోట లెక్క వేరే. ‘ఈ బేరింగ్ ఇంకా బాగానే ఉందా?’ అన్న ప్రశ్న చాలదు. ‘మళ్లీ ఇక్కడికి వచ్చేదాకా ఇది బాగుంటుందా?’ అని అడగాలి. క్లచ్ దాకా వెళ్లిన రోజున ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ నాలుగూ మార్చేయడం, ఇంజిను వెనక ఆయిల్ సీల్ చెమ్మగా ఉందేమో చూసి అదీ మార్చడం చాదస్తం కాదు, పొదుపు.

మా కారు పాత యజమాని దాచిన రసీదుల్లో క్లచ్ మార్చిన బిల్లు ఉంది. ప్లేటు పేరుంది, ప్రెషర్ ప్లేటు పేరుంది. పైలట్ బేరింగ్ పేరు మాత్రం లేదు. ఏ షాపో చెప్పను గానీ, అంత దూరం వెళ్లి పిజ్జా ధర మిగిల్చారన్నమాట.

లోపల ఏం కనిపించింది

రెండు వారాంతాలు పట్టింది. శనివారం గేర్‌బాక్స్ దిగింది. ఫోన్‌ని డబ్బా మీద నిలబెట్టి మావయ్యకి వీడియో కాల్ చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల కింద పడుకున్న మనిషి. ఇంటర్నల్స్‌లో నాకు మార్కులు వేసిన ఏ సారూ ఆయనంత కచ్చితంగా చూసి ఉండరు.

‘‘అల్లుడూ, ఆ బేరింగులో వేలు పెట్టి తిప్పు’’ అన్నాడు.

తిప్పాను. ఇసుక పోసినట్టు గరగరమంది. సగం చుట్టు తిరిగి ఒకచోట ఆగిపోయింది.

‘‘అయిపోయింది దాని పని. షాఫ్ట్ కొస చూడు, గీతలు పడ్డాయా?’’

పడలేదు. లేత నీలం రంగు మెరుపు, అంతే. మావయ్య మొహంలో నాకంటే ఎక్కువ సంతోషం కనిపించింది. ‘‘బతికిపోయావురా. ఇంకో ఆరు నెలలు తిప్పుంటే షాఫ్ట్‌ని కోసేసేది. అప్పుడు గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సొచ్చేది.’’

ఇంకోటీ కనిపించింది. బేరింగ్ ఎండిపోయి చచ్చింది గానీ, పక్కనే స్ప్లైన్ల మీద గ్రీజు గడ్డ కట్టి ఉంది. ఎవరో ధారాళంగా పూశారు. ఎక్కువైనది వేగానికి విసిరేసినట్టు ఎగిరి క్లచ్ ప్లేటు లోపలి అంచు మీద నల్లటి చారలు పడ్డాయి. క్లచ్ పట్టు మీద బతుకుతుంది. దాని మీద జిడ్డు పడితే జారుతుంది, వణుకుతుంది. ఒక చోట కరువు, దాని పక్కనే వరద!

‘‘గ్రీజంటే పప్పులో నెయ్యి కాదురా, ఇంగువ. చిటికెడు చాలు. ఎక్కువైతే వంట పాడవుద్ది’’ అన్నాడు మావయ్య. మూడు సెమిస్టర్లలో చదివిన ట్రైబాలజీకి ఇంతకంటే మంచి సారాంశం నాకు దొరకలేదు.

గ్రీజు అసలేంటి?

గ్రీజు అంటే చిక్కబడ్డ నూనె అనుకుంటాం. నిజానికి అది నూనె తాగిన స్పాంజి. ఎక్కువ గ్రీజుల్లో లిథియం లాంటి లోహపు సబ్బు సన్నటి పోగుల వల అల్లుకుని ఉంటుంది. ఆ వల నూనెని పట్టి ఉంచి, వేడి, ఒత్తిడి తగిలినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. పని చేసేది ఆ నూనే. ఏళ్లు గడిచేకొద్దీ నూనె కారిపోయి, ఆక్సిజన్ తగిలి పాడై, చివరికి మైనంలాంటి సబ్బు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి తక్కువ కిలోమీటర్లు తిరిగిన పాత కారు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. షెడ్డులో నిలబడ్డ బండిలోనూ గ్రీజుకి వయసు వస్తుంది.

గ్రీజు గట్టిదనానికి ఎన్‌ఎల్‌జీఐ అని కొలత ఉంది. 000 అంటే పలచటి ద్రవం, 6 అంటే సబ్బు బిళ్ల. బండ్లలో ఎక్కువగా వాడేది 2. ఇక స్ప్లైన్ల లాంటి చోట్ల, లోహం మీద లోహం నెమ్మదిగా జరిగే చోట, మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నల్ల గ్రీజు వాడతారు. ఆ పొడి పొరలు పొరలుగా ఉండి, పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారుతుంది. నూనె అయిపోయినా పొర మిగిలి కాపాడుతుంది. మన పల్లెల్లో ఆముదంలో గడ్డి మసి కలిపి బండి ఇరుసుకి రాసిన కందెన కూడా ఇదే ఆలోచన: నూనె, దానికి తోడు జారే నల్లపొడి. క్యాస్ట్రాల్ అన్న పేరు సైతం ఆముదం ఇంగ్లిషు పేరు నుంచే పుట్టిందన్న సంగతి తెలిస్తే మా తాతయ్య మీసం దువ్వేవాడు.

ఒక జాగ్రత్త. వేరే వేరే జాతుల గ్రీజులని కలపకూడదు. లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజు పూస్తే రెండూ కలిసి నీళ్లలా జారిపోయే ప్రమాదం ఉంది. పాతది పూర్తిగా తుడిచి, కొత్తది పెట్టాలి.

ఎక్కడ ఎంత?

కొత్త పైలట్ బేరింగ్: గ్రీజు వద్దు. ఈ కారులో వాడేది రెండు వైపులా సీలు వేసింది. ఫ్యాక్టరీలోనే కావలసినంత నింపి మూస్తారు. బేరింగ్ లోపలి ఖాళీ మొత్తం నింపరు, మూడో వంతు నుంచి సగం దాకానే. నిండా కూరితే గోళీలు ఆ గ్రీజునే చిలుకుతూ వేడెక్కిపోతాయి. మేం కొత్త బేరింగ్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో చికెన్ ప్యాకెట్ పక్కన పెట్టాం. చల్లబడితే వెంట్రుక వాసి కుదించుకుంటుంది, ఫ్లైవీల్‌లో సులువుగా కూర్చుంటుంది. కొట్టేటప్పుడు బయటి ఉంగరం మీదే ఒత్తిడి పడాలి. లోపలి ఉంగరం మీద కొడితే ఆ దెబ్బ గోళీల మీదుగా వెళ్లి సొట్టలు పెడుతుంది. కొత్తది కూడా మొదటి రోజే కూయడం మొదలెడుతుంది.

రిలీజ్ బేరింగ్: ఇది కూడా సీలు వేసిందే. పెట్రోల్లోనో సాల్వెంట్‌లోనో కడగకూడదు, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. అది జారే గొట్టం మీద మాత్రం పలచటి పొర.

ఫోర్కు: అది ఊగే గుండ్రటి గుబ్బ మీద కందిగింజంత. బేరింగ్‌ని తాకే రెండు కొనల మీద, స్లేవ్ సిలిండర్ కడ్డీ వచ్చి తాకే గుంట మీద కొంచెం.

స్ప్లైన్లు: నల్ల గ్రీజు బ్రష్షుతో పూసి, క్లచ్ ప్లేటుని షాఫ్ట్ మీద రెండుమూడు సార్లు ముందుకీ వెనక్కీ జరిపి, తీసి, బయటికి వచ్చినదంతా తుడిచేయాలి. పళ్ల మీద రంగు మిగలాలి, గడ్డ మిగలకూడదు.

ప్లేటు, ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు ముఖాలు: ఏమీ వద్దు. వేలిముద్ర కూడా వద్దు. కొత్త భాగాల మీద తుప్పు పట్టకుండా రాసిన నూనె ఉంటుంది, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి.

మొత్తం కలిపితే వాడిన గ్రీజు ఒక టీ స్పూను కూడా లేదు.

అయితే ఈ లెక్క మియాటాకి. ప్రతి కారుకీ ఇదే అనుకుంటే ముప్పే. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీనే తీసుకోండి. అందులో పైలట్ చోట గోళీలే లేవు, సన్నటి రంధ్రాలున్న కంచు బుష్ ఉంటుంది. మినప్పప్పు నానేసినట్టు దాన్ని ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి బిగించాలి. గ్రీజు పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. దాని రిలీజ్ బేరింగ్ ఇంకా విచిత్రం, నల్లటి గ్రాఫైట్ ముక్క. అది తనకు తానే కందెన, ఏమీ రాయకూడదు. మూడు కార్లు, మూడు పద్ధతులు. ఎవరో వీడియోలో పూశారని మనమూ పూసేయకుండా, మన కారు సర్వీస్ మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదవాలి.

ఇంకో రెండు మాటలు, ప్రాణం గురించి. జాకీ అనేది ఎత్తడానికి మాత్రమే. కింద దూరాలంటే స్టాండ్లు ఉండి తీరాలి. ఇక పాత క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదకండి. మాస్కు పెట్టుకుని తడిబట్టతో తుడవండి.

మరి మీ బండి?

రెండో ఆదివారం సాయంత్రం మళ్లీ బిగించి స్టార్ట్ చేశాం. రివర్స్ గేరు వెన్నలోకి చెంచా దిగినట్టు పడింది. రూమ్మేట్ ‘‘ఏంట్రా, ఏం వినపడట్లేదు’’ అన్నాడు. అంతకన్నా పెద్ద పొగడ్త ఉంటుందా!

ఇప్పుడు మీ సంగతి. ఇంజిను అడ్డంగా ఉండి, ముందు చక్రాలకి పవర్ వెళ్లే చిన్న కార్లలో చాలావాటికి పైలట్ బేరింగ్ ఉండదు. కానీ మాన్యువల్ గేర్లుంటే రిలీజ్ బేరింగ్ తప్పనిసరిగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకున్నంతసేపూ అది బరువు మోస్తూ తిరుగుతూనే ఉంటుంది. న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. పైసా ఖర్చు లేని సర్వీసింగ్ ఇదే. కదిలేటప్పుడు పాదం పెడల్ మీద ఊరికే ఆనించే అలవాటుంటే అదీ మానేయండి.

బైకు అయితే కథ తిరగబడుతుంది. మన దగ్గర ఎక్కువ బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి. కార్ల కోసం చేసిన ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉందో లేదో చూసి కొనండి.

ఇక ఎప్పుడైనా మీ కారు క్లచ్ మార్చాల్సి వస్తే, బిల్లు చేతికి రాకముందే మెకానిక్‌ని రెండు ప్రశ్నలు అడగండి. ‘‘అన్నా, రిలీజ్ బేరింగ్ కూడా కొత్తదేనా? పైలట్ బేరింగ్ ఉంటే అదీ మారుస్తున్నావా?’’ ‘ఎందుకు సార్, పాతది బాగానే ఉంది’ అంటే, ‘‘మళ్లీ విప్పడానికి ఎంత తీసుకుంటావ్?’’ అని మూడోది అడగండి. ఆయనే నవ్వి కొత్తది తెప్పిస్తాడు.